వీఎం డిస్కులను మార్చాక మిగిలే వృథా స్థలం: ట్రిమ్ మేలా, సున్నాలు నింపడం మేలా?

ఒకే సర్వర్‌పై పలు వర్చువల్ మెషీన్లను (వీఎంలను) నడిపే ప్రాక్స్‌మాక్స్‌లో, నడుస్తున్న మెషీన్ డిస్కును ఆపకుండానే ఎల్‌వీఎం-థిన్ పూల్‌కు (రాసినంత మేరకే స్థలం కేటాయించే నిల్వకు) మార్చినప్పుడు, లోపల 40 జీబీ మాత్రమే వాడుకలో ఉన్న 200 జీబీ డిస్కు కొత్తచోట మొత్తం 200 జీబీనీ ఆక్రమించడం తరచుగా చూస్తాం. ఏ బ్లాకులో పనికొచ్చే డేటా ఉందో, ఏది చెరిపేసిన ఫైలు తాలూకు శేషమో లోపలి ఫైల్ సిస్టమ్‌కే తెలుసు. నకలు తీసే హోస్టుకు, అంటే మెషీన్లను నడిపే అసలు సర్వర్‌కు, ఆ తేడా తెలియదు. హనుమకొండ, కరీంనగర్‌లలోని చిన్న ఆసుపత్రులు, కళాశాలలు ఒకటి రెండు సర్వర్లతోనే నెట్టుకొస్తాయి కనుక, ఆ పోయిన స్థలాన్ని తిరిగి రాబట్టడం కొత్త డిస్కు కొనే ముందు చేయాల్సిన పని.

దానికన్నా ముందు చూడాల్సినది ఒకటుంది. మార్చేటప్పుడు మూలాన్ని తొలగించమని చెప్పకపోతే పాత డిస్కు 'అన్‌యూజ్డ్' పేరుతో అక్కడే ఉండిపోతుంది. అలాగే స్నాప్‌షాట్ (డిస్కు ఒకప్పటి స్థితిని భద్రపరిచే నకలు) పట్టుకుని ఉన్న బ్లాకులు, ఆ స్నాప్‌షాట్‌ను తీసేసేదాకా ఏ పద్ధతిలోనూ విడుదల కావు.

మొదటి మార్గం ట్రిమ్: ఏ బ్లాకులు ఖాళీయో లోపలి సిస్టమే కింది నిల్వకు చెప్పి వాటిని విడుదల చేయించడం. డిస్కు సెట్టింగులలో ఆ ఆదేశాన్ని కిందికి పంపనిచ్చే డిస్కార్డ్‌ను ఆన్ చేసి, కంట్రోలర్‌గా వర్ట్‌ఐఓ స్కసీని ఎంచుకుని, మెషీన్‌ను హోస్టు వైపు నుంచి పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. లోపలి నుంచి రీబూట్ చేస్తే ఆ మార్పు అమలులోకి రాదు. తరువాత లినక్స్‌లో 'ఎల్ఎస్‌బీఎల్‌కే -డి' (పెద్ద అక్షరం డి) ఇచ్చినప్పుడు డిస్క్-గ్రాన్ గడిలో సున్నా కనిపిస్తే, ఎల్‌వీఎం దాకా ఆదేశం చేరడం లేదని అర్థం, ముందుకు వెళ్లి లాభం లేదు. సున్నా కాని అంకె ఉంటే 'ఎఫ్ఎస్‌ట్రిమ్ -ఏవీ' నడిపి, హోస్టులో 'ఎల్‌వీఎస్' చూడాలి: మనం తీసుకున్న ఉదాహరణలో డేటా శాతం 100 నుంచి 20 దగ్గరికి దిగుతుంది. విండోస్‌లో ఇదే పనిని 'ఆప్టిమైజ్-వాల్యూమ్' ఆదేశం 'రీట్రిమ్'తో చేస్తుంది. ఇందులో కొత్తగా ఏ డేటా రాయరు, అదనపు స్థలం అక్కరలేదు, ట్రిమ్ నడుస్తుండగా మెషీన్ ఆగదు. రాత్రంతా క్యాజువాల్టీ నడిచే ఆసుపత్రికి ఇంతకన్నా తగిన మార్గం నాకు కనిపించదు.

రెండో మార్గం ఖాళీ జాగానంతా సున్నాలతో నింపి, ఆపైన 'క్యూఈఎంయూ-ఐఎంజీ కన్వర్ట్'తో డిస్కును తిరగరాయడం; సున్నాలే ఉన్న బ్లాకులను అది వదిలేస్తుంది. విండోస్‌లో 'ఎస్‌డిలీట్ -జెడ్', లినక్స్‌లో 'డీడీ' ఈ నింపే పని చేస్తాయి. దీనిపై నా అభ్యంతరం గట్టిది. డిస్కార్డ్ లేని థిన్ పూల్‌లో సున్నాలు రాయడమంటే అప్పటిదాకా కేటాయించని బ్లాకులను కూడా కేటాయించడమే; ఉన్నదానికన్నా ఎక్కువ స్థలం మెషీన్లకు పంచి ఉన్న పూల్ నూరు శాతానికి చేరితే, ఒక్క మెషీన్ కాదు, అందులోని అన్ని మెషీన్ల రాతలూ లోపాలతో ఆగిపోతాయి. స్థలం దొరుకుతుందని మొదలుపెట్టిన పని ఆసుపత్రి బిల్లింగ్‌ను నిలిపివేస్తే దానికి సమాధానం చెప్పడం కష్టం. పైగా తిరగరాసేందుకు రెండో డిస్కుకు సరిపడా జాగా, మెషీన్‌ను ఆపి ఉంచే సమయం కావాలి.

అయినా ఈ మార్గం తప్పనిసరయ్యే సందర్భాలు ఉన్నాయి. విండోస్‌లో అన్‌మ్యాప్ (స్కసీ డిస్కులకు ట్రిమ్ లాంటి ఆదేశం) సదుపాయం సర్వర్ 2012తోనే వచ్చింది, కాబట్టి 2008 ఆర్2పై నడిచే పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌కు పైన చెప్పిన ట్రిమ్ మార్గం పనిచేయదు. ఎన్ఎఫ్ఎస్‌పై (నెట్‌వర్క్ ద్వారా పంచుకునే నిల్వపై) ఉన్న క్యూకౌ2 అనే వర్చువల్ డిస్కు ఫైళ్లకు కూడా ఎన్ఎఫ్ఎస్ 4.2 వెర్షన్ లేకపోతే మధ్యలో ఖాళీలు విడుదల కావు. ఆదివారం ల్యాబ్ మూసి ఉండే కళాశాలలో, బ్యాకప్ తీసుకుని, జాగా ముందే లెక్కచూసుకుని చేస్తే ఇది భద్రమే.

వీటి మధ్య, డిస్కులోని ఖాళీ బ్లాకులను ఉన్నచోటే విడుదల చేసే 'వర్ట్-స్పార్సిఫై --ఇన్-ప్లేస్' కూడా ఉంది. రెండో నకలు అడగదు, కానీ మెషీన్ ఆగి ఉండి తీరాలి. నడుస్తున్న మెషీన్‌పై ప్రయోగిస్తే డిస్కు పాడవుతుంది. వీఎంవేర్ వాడేవారికి, దాని ఫైల్ సిస్టమ్ వీఎంఎఫ్ఎస్ 6 అయితే, అంటే 2016లో వచ్చిన వీస్ఫియర్ 6.5 నుంచి, అన్‌మ్యాప్ దానంతటదే జరుగుతుంది. వీఎంఎఫ్ఎస్ 5 అయితే ఆదేశం చేత్తో ఇవ్వాలి.

కాబట్టి ఆపలేని మెషీన్లకూ, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లకూ ట్రిమ్‌నే ఎంచుకోండి. గెస్ట్ ఏజెంట్ (మెషీన్ లోపల నడుస్తూ హోస్టు మాట వినే ప్రోగ్రామ్) ఉన్నచోట 'ఎఫ్ఎస్‌ట్రిమ్_క్లోన్డ్_డిస్క్స్' ఎంపికను ఆన్ చేస్తే డిస్కు మార్చిన ప్రతిసారీ ట్రిమ్ దానంతటదే నడుస్తుంది. ఇక వారానికోసారి నడిచే ఎఫ్ఎస్‌ట్రిమ్ టైమర్ మామూలుగా ఆదివారం అర్ధరాత్రి దాటాక, అంటే సోమవారం తొలి గంటల్లో, మొదలవుతుంది గనుక, ఒకే పూల్‌పై ఉన్న మెషీన్లన్నీ ఒకేసారి దాన్ని నడపకుండా వేళలు వేరువేరుగా పెట్టండి.