కొలంబైన్ మీద రెండు పుస్తకాలు: ముందు ఏది చదవాలి?

మా వాడు బడి నుంచి వచ్చి అన్నం తింటూ, "ఇవాళ లాక్‌డౌన్ డ్రిల్. లైట్లు ఆర్పేసి మూల కూర్చున్నాం" అన్నాడు, లెక్కల హోంవర్క్ గురించి చెప్పినంత మామూలుగా. బడిలోకి ఎవరైనా తుపాకీతో వస్తే ఎలా దాక్కోవాలో నేర్పే కసరత్తు అది. అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువే. ఆ వారమే ఈ రెండూ తెచ్చుకున్నాను. ఒకటి విలేకరి డేవ్ కల్లెన్ 2009లో రాసిన 'కొలంబైన్'. రెండోది 2016లో వచ్చిన 'ఎ మదర్స్ రెకనింగ్'. రాసింది సూ క్లీబోల్డ్, కాల్పులు జరిపిన ఇద్దరిలో ఒకడైన డిలన్ తల్లి.

1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో డిలన్, అతని స్నేహితుడు ఎరిక్ చేతిలో 12 మంది పిల్లలు, ఒక టీచరు పోయారు. తమను ఏడిపించినవాళ్ల మీద కసితో కాల్చారనే నేనూ అనుకుంటూ వచ్చాను. కల్లెన్ ఆ కథను నిలవనివ్వడు. అసలు పథకం బాంబులతో. క్యాంటీన్లో పెట్టిన ప్రొపేన్ బాంబులు పేలి ఉంటే వందల మంది పోయేవారు. ఎవరో నలుగురి మీద పగ ఉన్నవాడు క్యాంటీన్ మొత్తాన్ని లేపేయాలని ఎందుకు చూస్తాడు? అయితే ఎరిక్ సైకోపాత్, డిలన్ డిప్రెషన్ మనిషి అని ఆయన గీసిన గీత నాకు మరీ తిన్నగా కనిపించింది. వేధింపుల మాటను కూడా తేలిగ్గా తోసేశాడు.

తల్లి పుస్తకంలో గీతలు లేవు. ఆ పొద్దున చీకట్లో మెట్లు దిగుతూ కొడుకు అన్న "బై" ఒక్కటే ఆమెకు మిగిలింది. మధ్యాహ్నానికి, ఊళ్లో తల్లులంతా తమ బిడ్డలు బతకాలని మొక్కుతుంటే, తన కొడుకు ఇంకెవరినీ చంపకముందే చచ్చిపోవాలని ఈమె మొక్కుకుంది. అది చదివి పుస్తకం మూసేశాను. ఆత్మహత్య, మెదడు ఆరోగ్యం అంటూ చెప్పిందే చెప్పినచోట మాత్రం విసుగొచ్చింది. చనిపోయిన ఆ 13 మంది పక్కకు జరిగిపోతున్నారనిపించింది.

ఒకే సంగతి రెండింట్లో ఎలా ఉందో చూడండి. 1998 జనవరిలో ఈ ఇద్దరూ ఒక వ్యాన్ పగలగొట్టి దొంగతనం చేసి దొరికిపోయారు. జైలుకు బదులు కౌన్సెలింగు, సమాజ సేవ ఉండే డైవర్షన్ కార్యక్రమంలో వేశారు. బుద్ధిగా ఉన్నారని 1999 ఫిబ్రవరిలో గడువుకు ముందే వదిలేశారు. కల్లెన్ దగ్గర అది ఎరిక్ అధికారులను ఎలా బురిడీ కొట్టించాడో చెప్పే కథ. తల్లి దగ్గర అదే, హమ్మయ్య, పిల్లాడు దారిలో పడ్డాడన్న ఊరట. కాల్పులకు అప్పటికి రెండు నెలల పైచిలుకే ఉంది.

నన్నడిగితే ముందు కల్లెన్. ఏం జరిగిందో తెలియకుండా తల్లి పుస్తకం పడితే ఆమె దుఃఖం మనల్ని లాగేసుకుంటుంది, వాస్తవాలు తూచుకునే తీరిక ఉండదు. కానీ ఒక్కటే చదువుతాను, ఇంట్లో టీనేజీ పిల్లలున్నారు అంటే, తడుముకోకుండా రెండోదే ఇస్తాను.

మొన్నామధ్య ఒక స్నేహితురాలికి అలాగే ఇచ్చాను. మూడు నెలలైంది. తొంభయ్యో పేజీ దగ్గర ఆగిపోయిందట. వాళ్ల పెద్దాడికి పదహారేళ్లు.