ముందు బెంగళూరా, చీనీ (బత్తాయి) మార్కెట్టా?

అనంతపురంలో రైతుల కోసం యాప్ తయారుచేసే కుర్రాళ్లకు ఇదే టెన్షన్: ముందు ఇన్వెస్టర్లను కలవాలా, రైతులనా?

బెంగళూరు దూరమేం కాదు, 44వ నంబరు హైవే మీద దాదాపు 210 కిలోమీటర్లు. పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇన్వెస్టర్లకు పిచ్ ఇవ్వొచ్చు, అంటే మన ఐడియా వివరించి పెట్టుబడి అడగొచ్చు. పెట్టుబడి పెట్టేవాళ్లు, దారి చూపేవాళ్లు అక్కడే ఉన్నారు. కానీ వాళ్లు మొదట అడిగేది ఒకటే: ఎంతమంది వాడుతున్నారు, వాడినవాళ్లు మళ్లీ వస్తున్నారా?

ఆ జవాబు దొరికేది చీనీ మార్కెట్‌లోనే. కాయ కోయించే ముందు రైతుకు కావలసింది ఆ రోజు టన్ను ధర. ఫోన్ చేతికిచ్చి పక్కనే నిలబడండి. ఓటీపీ, ఈమెయిల్ అడిగితే "నువ్వే చూడప్పా" అని తిరిగి ఇచ్చేస్తాడు. తెరవగానే ధర తెలుగులో, పెద్ద అక్షరాల్లో కనిపిస్తే పక్క రైతునూ పిలిచి చూపిస్తాడు. ఏ ప్రకటనకూ అంత బలం ఉండదు. తిరుగుడు ఎక్కువే, పెరుగుదల నిదానమే. అయినా నా ఓటు మార్కెట్‌కే.

కంపెనీ రిజిస్ట్రేషన్ మాత్రం వాయిదా వేయకండి. అది ఉంటేనే 2016లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం స్టార్టప్ ఇండియా కింద డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ) గుర్తింపు వస్తుంది. దానికి దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఉచితం.