బాలాజీ కాలనీ పైథాన్ శిక్షణ: క్లాసు, ఆబ్జెక్టు అర్థమైన తీరు
తిరుపతి బాలాజీ కాలనీలోని ఒక చిన్న శిక్షణ కేంద్రంలో నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. క్లాసు అంటే నమూనా, ఆబ్జెక్టు అంటే దానితో తయారైన అసలు వస్తువు అని చెప్పి ఊరుకోకుండా, మా గురువుగారు కొండపైకి వెళ్లే సప్తగిరి బస్సునే ఉదాహరణగా తీసుకొని, ‘బస్సు’ అనే క్లాసు రాయించి, దాని నుంచి రెండు ఆబ్జెక్టులు చేయించారు. ఒక బస్సులో ప్రయాణికుల సంఖ్యను 30 నుంచి 31కి పెంచినా రెండో బస్సులో 12 మందే ఉండటం తెరపై చూసినప్పుడే, ‘సెల్ఫ్’ అనేది, క్లాసులో ఒక పని చేయించే కోడ్ భాగమైన మెథడ్‌ను పిలిచిన ఆబ్జెక్టునే సూచిస్తుందని నాకు స్పష్టమైంది. మెథడ్ నిర్వచనంలో ‘సెల్ఫ్’ రాయడం మరచిపోతే వచ్చే దోష సందేశమైన టైప్ఎర్రర్‌ను కావాలనే తెప్పించి, మా చేతే సరిదిద్దించడం ఎంతో మేలు చేసింది. అందుకే కొత్తవారికి ఈ శిక్షణను మనస్ఫూర్తిగా సూచిస్తాను. అయితే ఒక క్లాసు లక్షణాలను మరో క్లాసు వారసత్వంగా తీసుకునే పద్ధతైన ఇన్‌హెరిటెన్స్‌ను ఒక్క పూటలో ముగించడం నాకు నచ్చలేదు. ఇద్దరికి ఒకే కంప్యూటర్ ఇవ్వడం వల్ల సాధన కూడా సగమే అయింది.