కెమెరా ఫొటోల ఎంపిక, వస్తువుల గుర్తింపు: పేటెంటుకు ఇండియా, అమెరికా, యూరప్‌లలో ఏది మేలు?

ఫోన్ కెమెరా ఒక్క నొక్కుకు 20 ఫ్రేములు తీస్తుంది. వాటిలో మసక లేనిదాన్ని ఏరి, దాన్ని మాత్రమే వస్తువుల్ని గుర్తించే మోడల్‌కి పంపుతుంది. ఇలాంటి ఆవిష్కరణకు పాత పేటెంట్లతో పోలిక ఎక్కడైనా తప్పదు. ఆఫీసుల మధ్య అసలు తేడా గుమ్మం దగ్గరే ఉంది: ఇది పేటెంటుకు తగిన సరుకేనా?

అమెరికాలో ఆ గుమ్మం ఎత్తు. 2014లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన ఆలిస్ తీర్పు తర్వాత క్లెయిములో (దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యంలో) ‘ఏరడం’, ‘వర్గీకరించడం’ కనబడితే ఎగ్జామినర్ 101 సెక్షన్ (ఏది పేటెంటుకు తగినదో చెప్పేది) తీస్తారు, అమూర్త భావన, అంటే ఉత్త ఆలోచన అంటారు. ఫోన్‌తో తీసిన ఫొటోలను వర్గీకరించి సర్వర్లో దాచే క్లెయిము 2016లో టీఎల్ఐ కేసులో అలాగే పోయింది. 2021 నాటి యూ వర్సెస్ ఆపిల్ కేసు ఇంకా విడ్డూరం. క్లెయిములో రెండు లెన్సులు, రెండు ఇమేజ్ సెన్సర్లతో సాక్షాత్తూ కెమెరాయే ఉంది. అయినా ఒక ఫొటోతో ఇంకోదాన్ని మెరుగుపరచడం అమూర్తమేనని పేటెంటు అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టులో మెజారిటీ తేల్చింది. ఒక జడ్జి విభేదించారు. మా ఓటూ ఆవిడకే. అయితే ఎగ్జామినర్ నడిచేది మెజారిటీ మాట మీద. అందుకే క్లెయిమును ‘ఫ్రేమును ఏరడం’ దగ్గర ఆపకండి. ఏరిన ఫలితాన్ని బట్టి తర్వాతి షాట్‌కు ఎక్స్‌పోజర్ ఎలా మారుతుందో, మెమరీలో ఏది ఉండి ఏది పోతుందో క్లెయిములోనే రాయండి. ‘ఎంపిక యూనిట్’, ‘గుర్తింపు మాడ్యూల్’ అని పేర్లు పెట్టి, వివరణలో అల్గారిథం చెప్పకపోతే 112 సెక్షన్ కింద అస్పష్టత అభ్యంతరం కూడా వస్తుంది.

యూరప్‌లో గుమ్మం తేలిక. 1986 వైకామ్ నిర్ణయం నుంచీ డిజిటల్ బొమ్మను ప్రాసెస్ చేయడం అక్కడ సాంకేతిక పనే. అంచులు, పిక్సెల్ లక్షణాలను బట్టి బొమ్మల్ని వర్గీకరించడాన్ని ఈపీఓ (యూరప్ పేటెంటు ఆఫీసు) మార్గదర్శకాలే ఉదాహరణగా చూపుతాయి. కష్టమంతా లోపల, కామ్విక్ పద్ధతిలో ఉంది: సాంకేతిక ఫలితానికి తోడ్పడని అంశాలను ఇన్వెంటివ్ స్టెప్ (పాతదాని నుంచి ఇట్టే తట్టనిదా అన్న పరీక్ష) లెక్కలోంచి తీసేస్తారు. ‘వాడేవాళ్లకు నచ్చే ఫొటో’ అంటే ఆ అంశం అక్కడే రాలిపోతుంది. ‘లాప్లాసియన్ వేరియన్స్ (బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో చెప్పే కొలత) ఫలానా పరిమితి కన్నా తగ్గితే ఫ్రేమును వదిలేయాలి’ అంటే లెక్కలో ఉంటుంది. కాకపోతే ఆ కొలత పాతదే. కొత్తదనం మరోచోట చూపాలి. న్యూరల్ నెట్‌వర్క్ వాడామని ఒక్క ముక్కలో తేల్చినా చిక్కే. టీ 161/18 కేసులో ట్రైనింగ్ డేటా ఎలాంటిదో చెప్పలేదని అప్పీల్ బోర్డు 2020లో తిరస్కరించింది.

ఇండియాలో అడ్డం వచ్చేది 3(కె) సెక్షన్: అల్గారిథంలకు, ‘పర్ సే’ (అంటే కేవలం ప్రోగ్రాముగానే చూసిన) కంప్యూటర్ ప్రోగ్రాములకు పేటెంటు లేదు. 2016 మార్గదర్శకాలు కొత్త హార్డ్‌వేర్ ఉండాలన్నాయి, 2017లో ఆ షరతు తీసేశారు. సాంకేతిక ఫలితం ఉంటే ప్రోగ్రాము అన్నంత మాత్రాన తోసిపుచ్చకూడదని 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కాబట్టి ఎగ్జామినర్ అభ్యంతరానికి ఇచ్చే జవాబులో ‘మోడల్‌కి వెళ్లే ఫ్రేములు 20 నుంచి 1కి తగ్గాయి, బ్యాటరీ ఖర్చు ఇంత తగ్గింది’ అని కొలిచి చూపాలి. ఆ కొలతలు మొదట దాఖలు చేసిన వివరణలోనే ఉండాలి. తర్వాత చేరుస్తామంటే కుదరదు. ఖర్చు మాత్రం ఇక్కడే తక్కువ. స్టార్టప్‌కి ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు, పరీక్ష ఫీజు 4,000, ఫారం 18ఎతో త్వరిత పరీక్షకు 8,000. 10 క్లెయిములు దాటితే అదనం. మొదటి పరీక్ష నివేదికకు జవాబు గడువు 6 నెలలు.

మా లెక్కలో గుర్తింపు పద్ధతిలోనే పస ఉన్నవాళ్లకు యూరప్ మేలు. ఎంపికే ముఖ్యమైతే అమెరికా ఆఖరి మజిలీ. ఎటు వెళ్లినా వివరణను యూరప్ కొలతకు రాసి, దాఖలు ముందు ఇండియాలో చేయడం నయం. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై ఆఫీసుకు వెళ్తాయి. 39వ సెక్షన్ ప్రకారం ఇక్కడ నివసించేవాళ్లు విదేశాల్లో దాఖలు చేయాలంటే ఇక్కడ వేసి 6 వారాలు ఆగాలి, లేదా ఫారం 25తో అనుమతి తీసుకోవాలి. ప్రాధాన్య తేదీ (మొదటి దాఖలా తేదీ) నుంచి 12 నెలల్లోపు మిగతా దేశాలకు వెళ్లొచ్చు. మొదటి దాఖలాకు ముందే కోడ్‌ను గిట్‌హబ్‌లో అందరికీ కనబడేలా పెట్టేశారా? అమెరికా 12 నెలల దాకా మన్నిస్తుంది, యూరప్ ఒక్క రోజు కూడా మన్నించదు.