నాన్నకు ఏ మూత్రపు గొట్టం: వేసి తీసేదా, లోపలే ఉంచేదా?

బెంగళూరులో మాతో ఉండే నాన్నకు ఎం.ఎస్.ఏ. (మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ; మెదడు, నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు). ఈ జబ్బులో వెన్నుపాము అడుగున, మూత్రాన్ని ఆపి వదిలే కండరాన్ని నడిపే ఓనఫ్ కేంద్రకం అనే నరకణాల గుంపు దెబ్బతింటుంది; దీన్ని పోలిన పార్కిన్సన్స్‌లో అది చాలావరకు దెబ్బతినకుండా ఉంటుంది. మూత్రం పూర్తిగా బయటకు రాక, 100 మి.లీ. దాటి లోపలే మిగలడం మామూలే. అందుకే దాన్ని గొట్టంతో (కాథెటర్) బయటకు రప్పించాలి.

వేసి తీసే గొట్టమైతే రోజుకు 4 నుంచి 6 సార్లు వేయాలి. ఇన్ఫెక్షన్ భయం తక్కువ, సంచి మోయక్కర్లేదు. నాన్న వేళ్లు చొక్కా బొత్తామే పట్టలేవు. అందుకే అమ్మే చేతులు కడుక్కుని, గొట్టానికి జెల్ రాసి, నెమ్మదిగా తోస్తుంది. రాత్రి కూడా అలారం పెట్టుకుని లేస్తుంది.

లోపలే ఉంచేదైతే ఆమెకు నిద్ర దక్కుతుంది. కానీ ఇన్ఫెక్షన్లు ఎక్కువ, ఒక్కోసారి మూసుకుపోతుంది కూడా. చేసే మనిషి ఉన్నంతకాలం మొదటిదే మేలంటాను. అమ్మకు ఓపిక తగ్గితే మాత్రం పట్టుబట్టను.