బార్సా మ్యాచ్ ఎక్కడొస్తుంది? హైదరాబాద్ నుంచి ఏళ్లుగా వెతుక్కుంటున్నవాడి సమీక్ష

మెస్సీ పుణ్యమా అని స్పెయిన్ ఫుట్‌బాల్ జట్టు బార్సిలోనాకి, అంటే బార్సాకి అభిమానులైనవాళ్లలో నేనూ ఒకణ్ణి. 2021లో ఆయన పారిస్ వెళ్లిపోయాడు, నేను మాత్రం ఇక్కడే ఉండిపోయాను. 2018 నుంచి ఆ జట్టుకి ఎంతమంది కోచ్‌లు మారారో, ఆ మ్యాచ్‌లు చూడ్డానికి నేనూ దాదాపు అన్ని చోట్లు మారాను.

అప్పటిదాకా బార్సా ఆడే స్పెయిన్ లీగ్, లా లిగా, సోనీ ఛానల్లో వచ్చేది. తర్వాత మూడు సీజన్లు మన దేశంలో ప్రసార హక్కులు ఫేస్‌బుక్ చేతికెళ్లాయి. పైసా ఖర్చు లేదు. బొమ్మ కింద కామెంట్లు వరదలా పారేవి, బంగ్లాదేశ్, నేపాల్ కుర్రాళ్లతో అర్ధరాత్రి దాకా మా ప్రత్యర్థి రియల్ మాడ్రిడ్ మీద వాదన. ఆ సందడి మళ్లీ ఎక్కడా దొరకలేదు. 2021లో వయాకామ్18 తీసుకుంది. టీవీలో చూడాలంటే ఎంటీవీ పెట్టాలి! పాటల ఛానల్లో ఫుట్‌బాల్ ఏంట్రా అని మా నాన్న ఒకటే నవ్వు. ఫోన్లో అయితే ముందు వూట్, తర్వాత జియోసినిమా. 2024-25కి జీఎక్స్ఆర్ వరల్డ్ అని అంతకుముందు పేరే వినని వేదిక. 2025 నుంచి ఫ్యాన్‌కోడ్.

ఇన్నేళ్లలో నాకు తేలింది ఒకటే. జట్టు పేరుతో వెతక్కూడదు, టోర్నీ పేరుతో వెతకాలి. జట్టు ఒకటే అయినా లా లిగా హక్కులు ఒకరివి, యూరప్ క్లబ్బులన్నీ పోటీపడే ఛాంపియన్స్ లీగ్ హక్కులు ఇంకొకరివి, స్పెయిన్ కప్పు కోపా డెల్ రే సంగతి మళ్లీ వేరు. శనివారం ఫ్యాన్‌కోడ్‌లో చూసిన జట్టునే బుధవారం రాత్రి సోనీ లివ్‌లో చూడాలి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ జియోహాట్‌స్టార్‌లో వస్తుంది కాబట్టి ఆర్సెనల్, లివర్‌పూల్ వాళ్ల లెక్క వేరు. వాళ్లు చెప్పారని మనం అదే ప్యాక్ కొంటే బూడిదలో పోసిన పన్నీరే. 'ఇందులో ఫుట్‌బాల్ వస్తుందా' అని అడిగితే ప్యాక్ అమ్మేవాడు ఎప్పుడూ వస్తుందనే అంటాడు. 'ఈ సీజన్ లా లిగా వస్తుందా' అని అడగండి, అప్పుడు తెలుస్తుంది.

వెతకడానికి నేను వాడేవి రెండు. లైవ్‌సాకర్‌టీవీ సైటు చూడ్డానికి పాతకాలం నాటిలా ఉంటుంది, ప్రకటనల గోల ఎక్కువ. కానీ మ్యాచ్ తెరిస్తే ఏ దేశంలో ఎక్కడ వస్తుందో వరసగా ఇస్తుంది, కిందికి దిగి ఇండియా దగ్గర చూసుకుంటే చాలు. సీజన్ మొదట్లో, అంటే ఆగస్టులో, దాన్నొక్కదాన్నే నమ్మను. హక్కులున్న యాప్‌లోకి వెళ్లి ఆ మ్యాచ్ కార్డు కనిపించాకే డబ్బు కడతాను. రెండోది స్కోర్లు చూపించే ఫాట్‌మాబ్ యాప్. టైం మన గడియారం ప్రకారం చూపిస్తుంది, అందుకే ఉంచుకున్నాను. గోల్ నోటిఫికేషన్లు మాత్రం మ్యాచ్ ముందే ఆపేయాలి. స్ట్రీమింగ్ వెనకబడి వస్తుంది కదా, ఫోన్ టింగుమంటుంది, తెర మీద చూస్తే బంతి ఇంకా మధ్య గీత దగ్గరే ఉంటుంది. ఇక మా బార్సా కుర్రాడు లామీన్ యమాల్ ఎంత అందంగా డ్రిబుల్ చేసినా ఏం లాభం, గోలని ముందే తెలిసిపోయాక.

టైం విషయంలో ఇంకో మెలిక ఉంది. స్పెయిన్‌లో సాయంత్రం 4:15కి మొదలయ్యే మ్యాచ్ మనకి వేసవిలో 7:45, చలికాలంలో 8:45. అక్కడ అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. 2025లో మాడ్రిడ్‌లో జరిగిన ఎల్ క్లాసికో, అంటే బార్సా-రియల్ మాడ్రిడ్ మ్యాచ్, సరిగ్గా ఆ రోజే పడింది, అక్టోబరు 26న. మా గ్రూపులో సగం మంది గంట ముందే టీవీల ముందు కూర్చున్నారు. మ్యాచ్ మా జట్టు 2-1తో ఓడిపోయింది, అది వేరే బాధ. రాత్రి 9 గంటల మ్యాచైతే మనకి 12:30 లేదా 1:30. 2025 ఏప్రిల్‌లో సెవిల్‌లో కోపా డెల్ రే ఫైనల్ మనకి ఒంటిగంటన్నరకి మొదలై అదనపు సమయానికి వెళ్లింది. మా ఆటగాడు కుందే గోల్‌తో మేము 3-2తో ముందుకెళ్లేసరికి దాదాపు నాలుగు. ఇలాంటివాటికి బయట స్క్రీనింగ్‌లను నమ్ముకోకండి. సాయంత్రం మ్యాచ్‌లకి గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ వైపు జనం బాగానే పోగవుతారు గానీ అర్ధరాత్రి దాటితే షట్టర్ దించేస్తారు.

టెలిగ్రామ్ లింకుల గురించి అడుగుతారని తెలుసు. పెనాల్టీ వేసే సమయానికి రమ్మీ ప్రకటన తెరంతా కమ్మేస్తుంది, దాన్ని మూయబోతే ఇంకో మూడు తెరుచుకుంటాయి. వద్దు.

తెలుగు వ్యాఖ్యానం మాటకొస్తే, 2021లో జరిగిన యూరో కప్‌ని సోనీ టెన్ 4లో తెలుగులో ఇచ్చారు. మా అమ్మ కూడా కాసేపు కూర్చుని చూసింది. మరుసటేడాది ప్రపంచకప్‌కి మన దేశంలో తమిళం, మలయాళం, బెంగాలీ ఉన్నాయి, తెలుగు లేదు. మనవాళ్లు చూడరని ఎవరు చెప్పారో! అదే ఏడాది మార్చిలో మన హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచింది కూడా. ఆ జట్టూ 2025లో ఢిల్లీకి మారిపోయింది, అంటే సొంతూరి జట్టుని చూడాలన్నా ఇప్పుడు వేరే ఊరు వెళ్లాలి.

డబ్బుల సంగతి. హక్కులు ఇన్నిసార్లు చేతులు మారాక మొత్తం ఏడాదికి ఒకేసారి కట్టడం మానేశాను. లీగ్‌కి ఒక యాప్ సీజనంతా ఉంచుతాను. ఛాంపియన్స్ లీగ్ యాప్‌ని సెప్టెంబరులో తీసుకుని, జట్టు బయటికొచ్చిన నెలలో ఆపేస్తాను. ఆటో పే మాత్రం యూపీఐలోకి వెళ్లి మీరే రద్దు చేయాలి, యాప్ తీసేసినంత మాత్రాన కోత ఆగదు. జూన్, జూలైలో దేనికీ కట్టను, ఆ రెండు నెలలూ ట్రాన్స్‌ఫర్ పుకార్లు ఉచితంగానే దొరుకుతాయి.