రైతుబిడ్డా, బహిష్కృతుడా, వడిసెలగాడా: కిరాయికి ఎవరు మేలు?

క్రీ.పూ. 401లో పర్షియా యువరాజు సైరస్ అన్నగారి సింహాసనం కోసం పదివేల మందికి పైగా గ్రీకుల్ని కిరాయికి తెచ్చుకున్నాడు. అందరూ ఒక్క బాపతు వాళ్లు కారు. డబ్బు పెట్టేవాడి వైపు నుంచి చూస్తే ఎవరు గిట్టుబాటు?

దండులో సగానికి మించి గ్రీసులోని ఆర్కేడియా, అకయా సీమల వాళ్లే. ఆర్కేడియా కొండసీమ, సాగుకు పనికొచ్చే నేల తక్కువ. అలాగని అందరూ కూడు లేక వచ్చారనుకోలేం. దండులోనే ఉండి ఈ కథంతా రాసిపెట్టిన జెనోఫోన్ మాట ప్రకారం, చాలామంది సైరస్ ధారాళమైన చెయ్యి గురించి విని వచ్చారు. కొందరు అమ్మానాన్నలకు చెప్పకుండా పారిపోయి వస్తే, కొందరు పిల్లల్ని ఇంటి దగ్గర వదిలి, నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగెళ్దామని వచ్చారు. జీతం నెలకు ఒక డారిక్, అంటే ఒక బంగారు నాణెం. ముందుకు కదిలేది లేదని మొండికేశాక ఒకటిన్నర అయింది. మూడు నెలలకు మించి బాకీ పడితే నేరుగా సైరస్ గుమ్మం దగ్గరికే వెళ్లి అడిగారు. ఇలాంటివాళ్లతో టెన్షన్ ఒక్కటే: జీతం.

బహిష్కృతుల లెక్క వేరు. సైరస్ గ్రీకు సేనానుల్లో ఒకడైన క్లియార్కస్‌కు సొంత ఊరు స్పార్టాయే మరణశిక్ష వేసింది. సైరస్ అతని చేతిలో 10,000 డారిక్‌లు పెడితే వాటితో సేనను పోగుచేశాడు. దారిలో టార్సస్ అనే ఊళ్లో సైనికులు ఎదురుతిరిగి రాళ్లు రువ్వితే, వాళ్ల ముందే కన్నీళ్లు పెట్టుకుని మెల్లగా దారికి తెచ్చాడు. మహా నేర్పరి! కానీ అన్నగారి సేనతో తలపడిన కునాక్సా యుద్ధంలో శత్రువు నడిమధ్యకు వెళ్లమని సైరస్ చెబితే, నది పక్క నుంచి కదల్లేదు. గ్రీకులు తమ వైపు గెలిచారు, సైరస్ మాత్రం చచ్చిపోయాడు. వెనక్కి వెళ్లే ఊరు లేనివాడు యజమానికే అంటిపెట్టుకుని ఉంటాడన్న నమ్మకం నాకు అక్కడే పోయింది.

ఇక రోడ్స్ అనే గ్రీకు దీవి వాళ్లు. తిరుగుదారిలో పర్షియన్ల వడిసెల రాళ్లకు దండు అల్లాడుతుంటే, రోడ్స్ మనుషులకు వడిసెల విద్య తెలుసని జెనోఫోన్‌కు తట్టింది. సుమారు 200 మంది ముందుకొచ్చారు. పర్షియన్లు పిడికిలంతేసి రాళ్లు విసిరితే, వీళ్ల సీసపు గుండ్లు అంతకు రెట్టింపు దూరం పోయేవి.

నా డబ్బయితే ఎక్కువ భాగం ఆర్కేడియా వాళ్లకే పెడతాను. వాళ్లను ఒంటరిగా మాత్రం పంపను. నల్ల సముద్రం ఒడ్డున అకయా వాళ్లతో కలిసి నాలుగు వేల మందికి పైగా వేరుకుంపటి పెట్టి, కాల్పే అనే రేవు దగ్గర ఊళ్ల మీద పడ్డారు. అందరూ డాలూ ఈటే పట్టినవాళ్లే, దూరం నుంచి కొట్టేవాడు ఒక్కడూ లేడు. అక్కడి థ్రేసియన్లు ఒక గుట్ట మీద చుట్టుముట్టి బల్లేలు విసిరారు, చివరికి జెనోఫోన్ మనుషులు సాయానికి బయల్దేరి దగ్గరికొచ్చాక గానీ ఆ ముట్టడి వదల్లేదు.